బ్యాండంటే పెళ్లి ఊరేగింపేనా? సొంత పాటకి మన ఊళ్లో చోటేది?

మన ఏలూరు, గూడెం వైపు "బ్యాండు" అన్నామంటే అందరికీ మొదట గుర్తొచ్చేది పెళ్లి బ్యాండే. ఎర్రకోట్లు, మెరిసే గుండీలు, ట్రంపెట్లు, వెనకాల జనరేటర్ బండి, నెత్తి మీద లైట్లు మోసుకుంటూ నడిచే ఆడోళ్లు. నేనిప్పుడు చెప్పబోయేది ఆ బ్యాండు గురించి కాదు. అలాగని దానికీ దీనికీ సంబంధమే లేదనీ అనను. ఆ సంగతికి తర్వాత వద్దాం.

ఇండీ బ్యాండు అంటే ఏటని ఈమధ్య చాలామంది కుర్రాళ్లు అడుగుతున్నారు. ఇన్‌స్టాలో రీల్ చూస్తారు, గిటారు పట్టుకున్నోడు తెలుగులో ఏదో పాడతాడు, బావుందే అనుకుంటారు, ఏ సినిమాలోదా అని వెతుకుతారు. ఏ సినిమాలోనూ ఉండదు. అదే ఇండీ. పాట రాసిందీ వాళ్లే, బాణీ కట్టిందీ వాళ్లే, రికార్డింగు ఖర్చు పెట్టుకుందీ వాళ్లే. వెనకాల హీరో లేడు, నిర్మాత లేడు, ఆడియో ఫంక్షన్ లేదు. ఇంగ్లీషులో "ఇండిపెండెంట్" అన్న మాటని కురచ చేసి ఇండీ అన్నారు. మన మాటల్లో చెప్పాలంటే ఎవడి పాట వాడిదే.

ఇదేదో అమెరికా నుంచి దిగిన సరుకు అనుకునేవాళ్లున్నారు. మా పెద్దోళ్లు కూడా కొందరు అలాగే అంటారు, "గిటార్లు, జులపాలు, మనకెందుకురా" అని. వాళ్లకి నేను పాలకొల్లు గుర్తు చేస్తుంటాను. 1969లో మన పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ అనే పిల్లోడు మాండొలిన్ పట్టుకున్నాడు. మాండొలిన్ మనది కాదు, ఇటలీది. అందులోనూ ఆయన వాయించింది కరెంటుతో పనిచేసే మాండొలిన్. దాని మీద కర్ణాటక సంగీతం ఏటి అని పెద్దలు ముక్కు విరిచారు. వీణ మీద పలికే గమకం ఇంత చిన్న వాయిద్యం మీద ఎలా పలుకుద్ది అన్నారు. ఆయన తన చేతికీ తన సంగీతానికీ కుదిరేలా ఆ వాయిద్యాన్నే మార్చుకున్నాడు, ఐదు తీగలు పెట్టుకున్నాడు. 1978లో మన కొల్లేటికి ఆ గట్టునున్న గుడివాడలో త్యాగరాజ ఆరాధనలో మొదటి కచేరీ చేశాడు. 1983కల్లా బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. 2014లో పోయాడు, 45 ఏళ్లకే. పాలకొల్లు నుంచి బెర్లిన్ దాకా వెళ్లింది సినిమా పాట కాదు తమ్ముళ్లూ. పరాయి వాయిద్యం మీద సొంత చెయ్యి.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే 1943లో ప్రజానాట్యమండలి పుట్టింది. షేక్ నాజర్ బుర్రకథ చెబుతుంటే ఊళ్లకి ఊళ్లు బళ్లు కట్టుకొని వచ్చేవని మా తాతలు చెప్పేవారు. ఒకాయన తంబుర, ఇద్దరు గుమ్మెట్లు. ముగ్గురు మనుషులు. ఇప్పుడు దాన్ని త్రీ పీస్ బ్యాండ్ అంటారు. తర్వాత వంగపండు వచ్చాడు, గద్దర్ వచ్చాడు. గొంగళి, కర్ర, గజ్జెలు, డప్పు. అటు తెలంగాణలో 2002లో కామారెడ్డి నుంచి ధూం ధాం మొదలైతే రాత్రంతా జనం కదల్లేదు, ఒక్క సినిమా పాట లేకుండా. వాళ్లెవరికీ ఇండీ అన్న మాట తెలీదు, వాళ్లకి దాంతో పనీ లేదు. ఎవరి అనుమతీ లేకుండా తమ బాధ తామే పాడుకున్నారు. ఇండీ అన్న మాటకి అంతకంటే అర్థం ఏముంటుంది?

ఇక నేను చూసిన షోల సంగతి.

సొంత పాటలు పాడే తెలుగు బ్యాండుని మొదటిసారి చూడ్డానికి నేను హైదరాబాదు వెళ్లాను. రాత్రి గూడెంలో గోదావరి ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్. జనరల్ బోగీలో బాత్రూం తలుపు పక్కన కూర్చునే వెళ్లాను, దాన్నేం గొప్పగా చెప్పుకోను, మన జిల్లా కుర్రాళ్లలో సగం మంది పనికి అలాగే వెళ్తారు. షో సాయంత్రం. టికెట్టు 499. ఆ ఒక్క రూపాయి తగ్గింపు ఎందుకో అప్పుడు నాకు తెలీదు. సంగీత కచేరీ టికెట్టు 500 దాకా ఉంటే దాని మీద జీఎస్టీ ఉండదు, దాటితే పడుద్ది. తర్వాత తెలిసింది.

అది కేఫ్ లాంటి చోటు. బయట కార్లు. లోపల కాఫీ ధర చూసి మంచినీళ్లతో సరిపెట్టుకున్నాను. అందరూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నారు. మైకు పట్టుకున్న అమ్మాయి కూడా ఇంగ్లీషే. నా చెప్పులూ, నా చేతిసంచీ చూసి గుమ్మం దగ్గరున్నాయన రెండుసార్లు టికెట్టు అడిగాడు. ఎక్కడ నిలబడాలో తెలీక గోడకానుకొని నిలబడ్డాను. అప్పుడు పాట మొదలైంది, తెలుగులో. ఫోన్లో ఆ పాట వందసార్లు విన్నాను. అయినా అది వేరు, ఇది వేరు.

ఏటి తేడా అంటే చెబుతాను, ఎందుకంటే ఇది తెలీకే చాలామంది "ఫోన్లో ఉంది కదా, డబ్బులు పెట్టి వెళ్లడం దేనికి" అంటారు. ఫోన్ స్పీకర్ గోరంత ఉంటుంది. బేస్ గిటారు, డ్రమ్ముల్లో పెద్దది ఇచ్చే లోతు శబ్దాన్ని అది పలికించలేదు. ఆ శబ్దం చెవికంటే ముందు ఛాతీకి తగులుద్ది. మన డప్పు దగ్గరగా మోగినప్పుడు పొట్టలో కదులుద్దే, అదే. రెండోది, రికార్డింగులో తప్పులు తీసేస్తారు. ఎదురుగా పాడేటప్పుడు గాయకుడికి ఊపిరి అందదు, ఒక తీగ తెగుద్ది, డ్రమ్ములోడు ఒక దెబ్బ ముందే వేసేసి నవ్వుతాడు, మిగతావాళ్లు వాడిని అందుకుంటారు. ఆ అందుకోవడం చూడ్డానికే వెళ్లాలి. మన బుర్రకథలో కథకుడు మాట మర్చిపోతే వంతలు "తందాన తాన" అంటూ నిలబెట్టినట్టు.

మూడోది జనం. పాట మధ్యలో గాయకుడు ఆపితే జనం అందుకున్నారు. నా పక్కనున్న కుర్రాడు అంతసేపూ ఇంగ్లీషులో మాట్లాడినోడే, ఆ పల్లవి దగ్గర గొంతు చించుకొని పాడుతున్నాడు, శుద్ధ తెలుగులో. ఎక్కడోడివి బాబూ అంటే, "మాది ఆకివీడండీ" అన్నాడు. కొల్లేటి గట్టోళ్లం ఇద్దరం హైదరాబాదులో కలుసుకున్నాం, ఒక పాట దగ్గర.

హైదరాబాదులో ఈ దారి వేసినవాళ్లలో కాప్రిసియో ఉంది, చౌరస్తా ఉంది. చౌరస్తా వాళ్లు జమైకా రెగ్గే లయలో మన జానపదం కలిపారు. కరోనా టైములో చేతులు కలపొద్దని వాళ్లు కట్టిన పాట ఊరూరా మోగింది. ఆ బ్యాండులో పాడిన రామ్ మిరియాల తర్వాత సినిమాల్లోకెళ్లాడు. 2021లో జాతిరత్నాలులో చిట్టి పాట, 2022లో డీజే టిల్లు పాట ఆయనవే. సినిమాకెళ్తే అమ్ముడుపోయినట్టేనా అని కొందరు గింజుకుంటారు. నాకలా అనిపించదు. గాయకుడికీ ఇంటద్దె ఉంటుంది. నా గొడవ వేరే. సినిమాలోకెళ్లాకనే మన ఊరోడికి ఆయన పేరు తెలిసింది. అంతకుముందు పాడినవి మన దగ్గరికి రాలేదు. ఎందుకు రాలేదన్నదే నా ప్రశ్న.

రెండో షో మన దగ్గరే. గూడెం దగ్గర ఒక కాలేజీలో పండగ, హైదరాబాదు నుంచి బ్యాండు వస్తోందన్నారు. నేనూ, మా ఊరి కుర్రాళ్లు నలుగురూ రెండు బళ్ల మీద వెళ్లాం. గేటు దగ్గర ఆపేశారు. ఐడీ కార్డు ఉన్నోళ్లకే అన్నారు. టికెట్టు కొంటాం అన్నా లేదన్నారు. కాలేజీకి దాని భయాలు దానికుంటాయి, ఆడపిల్లల హాస్టళ్లు ఉంటాయి, గొడవలు జరుగుతాయి, అది నాకు అర్థమవుద్ది. కానీ ఆ కాలేజీ గోడకి ఆనుకొనే ఊరుంది. ఊళ్లో కుర్రాళ్లు పదో తరగతి దగ్గర ఆగిపోయారు, చేపల లారీలు లోడు చేస్తారు. పాట వాళ్లకి కూడా కావాలి కదా. చివరికి గోడవతల టీకొట్టు బల్ల మీద కూర్చొని విన్నాం. మా పక్కన ఒక యాభై మంది దాకా పోగయ్యారు. అలా గోడవతల నుంచి విన్న షో కూడా లెక్కలోకే వస్తుంది.

అక్కడ నాకు బోధపడిందేటంటే, బ్యాండుకి ఎక్కువ కష్టం పాడ్డం కాదు, తన పాట పాడుకోనివ్వడం. మూడు సొంత పాటలు అయ్యేసరికి లోపల్నుంచి కేకలు మొదలయ్యాయి. ఫలానా హీరో పాట, ఫలానా ఐటెం పాట. గాయకుడు నవ్వుతూ ఒక పాత సినిమా పాట ఎత్తుకొని, రెండో చరణం దగ్గర నెమ్మదిగా లయ మార్చి, తన పాటలోకి దిగిపోయాడు. జనానికి తెలిసేసరికి పాట సగమైపోయింది. మా ఊరి కుర్రాడు "మోసం చేశాడన్నా" అని పకపకా నవ్వాడు. అలాంటి మోసం ఇంకా జరగాలి. బ్యాండు దిగాక డీజే పెట్టారు. గోడవతల మా బల్ల మీద టీగ్లాసులు అదిరిపోయాయి.

డీజే గురించి ఒక మాట. మీలో చాలామందికి ఇష్టమే, తెలుసు. గణపతి నిమజ్జనానికి పికప్ వ్యానెక్కి ఎగిరే ఈడులో నేనుంటే నేనూ ఎగిరేవాణ్ణే. కానీ లెక్క చూడండి. పెళ్లి బ్యాండుకి పదిమంది, పదిహేను మంది మనుషులు. డప్పు దళానికి ఆరేడుగురు. సన్నాయి మేళానికి నలుగురు. డీజే వ్యానుకి ఒక డ్రైవరు, ఒక ఆపరేటరు. సౌండు పెరిగింది, మనుషులు తగ్గారు. ఆ తగ్గిన మనుషులెవరు? డప్పు మాదిగ గూడెంది, సన్నాయి మంగలోళ్లది, బ్యాండు మేళంలో ఊదేవాళ్లలో చర్చిలో పాట నేర్చుకున్న దళిత క్రైస్తవ కుర్రాళ్లు బోల్డుమంది. తరాల నుంచి లయ తెలిసిన ఇళ్లు ఇవి. వాళ్ల చేతిలో కళ ఉంది, పక్కన కూర్చోబెట్టుకునే మర్యాద మాత్రం ఊరు ఇవ్వలేదు. పెళ్లికి డప్పు కావాలి, పెళ్లి పంతిలో డప్పోడు వద్దు. ఇప్పుడు డప్పు కూడా వద్దంటున్నారు. డప్పు కళాకారులకి ప్రభుత్వం నెలకి పింఛను ఇస్తోంది, 2024 జులై నుంచి అది 4000 అయింది. మంచిదే. కానీ పింఛను చేతికి మోగే పని ఇవ్వదు.

అందుకే నాకు చెన్నై బ్యాండు ఒకటి ముఖ్యమనిపిస్తుంది. పేరు క్యాస్ట్‌లెస్ కలెక్టివ్. కులంలేని జట్టు అన్నమాట. సినిమా దర్శకుడు పా రంజిత్, సంగీతకారుడు టెన్మా కలిసి కూడగట్టారు. ఉత్తర చెన్నై వాడల్లో చావుల దగ్గర పాడే గానా పాటగాళ్లని, పరై వాయించేవాళ్లని తెచ్చి గిటారు, డ్రమ్ముల పక్కన నిలబెట్టారు. 2018 జనవరిలో కీల్పాక్‌లో మొదటి కచేరీ. రిజర్వేషన్ గురించి, గొడ్డుమాంసం గురించి, మురుగు తీసే పని గురించి పాడారు. పరై అంటే మన డప్పు లాంటిదే, దాని చరిత్రా డప్పు చరిత్ర లాంటిదే. స్టేజి మీద అందరికీ ఒకటే రంగు సూటు. చావు మేళగాడు, గిటారోడు ఒకే వరసలో. ఆ ఫోటో ఒక్కసారి చూడండి, నేను చెప్పేది అర్థమవుద్ది.

ఢిల్లీ బ్యాండు ఇండియన్ ఓషన్‌ది ఇంకో దారి. 1990లో మొదలైంది. అందులో బేస్ గిటారు వాయించే రాహుల్ రామ్ అమెరికాలో పర్యావరణం మీద డాక్టరేటు చేసి వచ్చి నర్మదా బచావో ఆందోళనలో తిరిగాడు. నర్మద ఒడ్డున జనం పాడుకునే పాటని బ్యాండు పాటగా మార్చారు. వాళ్ల "డెజర్ట్ రెయిన్" ఆల్బం స్టూడియోలో చేసింది కాదు, 1997 జనవరి 1న సఫ్దర్ హష్మీ జ్ఞాపకంగా ఢిల్లీ రోడ్డు మీద జరిగిన సభలో వాయించింది వాయించినట్టు రికార్డు చేసింది. వీధినాటకం ఆడుతుంటే దాడి చేసి చంపిన మనిషి కోసం వీధిలోనే పాట. నదికి ఒక బ్యాండు ఉందంటే మన కొల్లేటికి ఎందుకు లేదని నాకు అప్పుడప్పుడూ కోపం వస్తుంది.

మూడో షో ఏలూరులో. చిన్న హాలు, అరవై కుర్చీలు, అవీ నిండలేదు. ముగ్గురు కుర్రాళ్లు వచ్చారు. ఒక గిటారు, ఒక వేణువు, ఒక చెక్కపెట్టె. ఆ పెట్టె మీద కూర్చొని ముందుభాగం మీద చేత్తో కొడితే డ్రమ్ములా మోగుద్ది, కహోన్ అంటారు. పెరూ దేశంలో బానిసలుగా తెచ్చిన నల్లవాళ్ల నుంచి వచ్చింది, సరుకు పెట్టెలనే వాయిద్యం చేసుకున్నారు. నేను చూసినవాటిలో నాకు బాగా నచ్చింది ఈ షోనే. మైకు సెట్టు పెద్దదేం కాదు, మాట మాటా వినబడింది.

వాళ్లు ఊరి మీద ఒక పాట పాడారు. పట్నం వదిలేసి ఊరెళ్లిపోతాను, చెరువుగట్టు, చల్లగాలి, అమ్మ చేతి అన్నం. బాగానే పాడారు. ఇప్పుడు తెలుగు ఇండీలో సగం పాటలు ఇవే. చౌరస్తా "ఊరెళ్లిపోతా మామా" అంత పేరు తెచ్చుకున్నాక ఆ దారి ఇంకా వెడల్పయింది. పాట అయ్యాక వెనక వరసలోంచి ఒక కుర్రాడు లేచాడు. లంక గ్రామం నుంచి వచ్చాడు, చేపల చెరువు కాపలా పని. "మీ పాటలో ఊరు ఏ ఊరండీ? మా చెరువుగట్టు మీద రాత్రంతా ఏరేటర్ల చప్పుడేనండీ, చల్లగాలికి మేత వాసన వస్తదండీ" అన్నాడు. హాలంతా నవ్వింది. గాయకుడు నవ్వలేదు. గిటారు కింద పెట్టి, "అయితే ఆ పాట మీరు రాయాలండీ, నాకు రాదు" అన్నాడు.

ఆ జవాబు నాకు నచ్చింది. ఎందుకంటే నిజం అదే. పట్నం బ్యాండుకి ఊరు ఒక జ్ఞాపకం. ఊళ్లో ఉన్నోడికి ఊరు అంటే లీజు, అప్పు, ఉప్పెక్కిన నీళ్లు. 1999లో కొల్లేటిని అభయారణ్యం చేశారు, 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రాంసర్ జాబితాలో చేర్చారు. 2006లో పొక్లెయిన్లు తెచ్చి చెరువులు పగలగొట్టారు. సరస్సు బతకాలన్నది నిజం, సరస్సు మీద బతికేవాళ్లు ఏమవ్వాలన్నదీ నిజం. వందల ఎకరాలు కట్టుకున్న పెద్దమనుషులకీ, తాటిదోనె మీద వలేసుకునేవాడికీ ఒకే పొక్లెయిన్ న్యాయం అవుద్దా? గూడబాతుల్ని చూడ్డానికి ఆటపాక వచ్చే టూరిస్టుకి ఇది కనబడదు. పాటలో చెప్పాల్సిన సంగతి ఇది. ఇరవై ఏళ్లు దాటినా ఆ రోజు గట్టు తెగిన చప్పుడు గిటారు మీదో డప్పు మీదో పలికించినోడు నాకైతే కనబడలేదు.

సరే, పాట రాశారనుకుందాం. ఎక్కడ పాడతారు? ఏం కావాలి? చాలామంది ఇక్కడే భయపడి ఆగిపోతారు కాబట్టి నాకు తెలిసినంతవరకు చెబుతాను.

మొదట సౌండు. మన ఊరి మైకు సెట్టు కుర్రాడికి జనానికి వినబడేలా పెట్టడం బాగా తెలుసు. కానీ బ్యాండుకి తన గొంతు తనకి వినబడాలి. స్టేజి అంచున పాడేవాడి వైపు తిప్పిన స్పీకర్లు ఉంటాయి, మానిటర్లంటారు. అవి లేకపోతే గాయకుడు తన గొంతు తనకి వినబడక గట్టిగా అరుస్తాడు, శ్రుతి పోద్ది. అదే మానిటర్ మైకుకి ఎదురుగా పెడితే కీచుమని కూత పెడుద్ది. అందుకే షోకి ముందు గంటసేపు సరిచూసుకుంటారు, దాన్ని సౌండ్‌చెక్ అంటారు. అప్పుడు "మైక్ టెస్టింగ్ వన్ టూ త్రీ" అంటుంటే విసుక్కోకండి, వంటకి ముందు పొయ్యి రాజేసుకోవడమే అది.

రెండు, టైము. 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకు పెట్టకూడదు. పండగలకీ ఉత్సవాలకీ ఏడాదికి 15 రోజులకి మించకుండా అర్ధరాత్రి 12 దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించిన చోట అసలే కుదరదు. మైకు పెట్టాలంటే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. మన కొల్లేటి దగ్గర ఇంకో సంగతుంది. రాత్రిపూట నీళ్ల మీద గాలి చల్లబడి, పైన గాలి వెచ్చగా ఉంటే శబ్దం పైకి పోకుండా కిందకి వంగి చాలాదూరం పోద్ది. కొల్లేటికోట తిరనాళ్ల మైకు ఎక్కడెక్కడికో వినబడుద్దని లంకలోళ్లు అంటారు, అబద్ధం కాదు. మనిషికి వినబడింది పక్షికీ వినబడుద్ది. చలికాలం గూళ్లు కట్టి పిల్లల్ని చేసే టైములో ఆటపాక వైపు స్పీకర్లు పెట్టడం తప్పు. ఏలూరులోనో కైకలూరులోనో హాల్లో పెట్టుకుందాం.

మీ చెవుల సంగతి కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో కచేరీలకి ఒక హద్దు చెప్పింది, సగటున 100 డెసిబెల్స్ దాటకూడదని. మన డీజే వ్యాను ముందు ఎగిరేవాళ్లకి ఆ హద్దు ఎప్పుడో దాటిపోయుంటుంది. ఇంటికొచ్చాక చెవిలో గుయ్‌మంటే అది హుషారు కాదు, దెబ్బ. స్పీకరుకి దూరంగా నిలబడండి, ఇయర్‌ప్లగ్గులు పెట్టుకోండి.

మూడు, హక్కు. ఇది ఎవరూ చెప్పరు. సినిమా పాటని టికెట్టు పెట్టి బహిరంగంగా పాడాలంటే హక్కుదారుల దగ్గర లైసెన్సు కావాలి. పెళ్లికీ, మతపరమైన వేడుకకీ కాపీరైటు చట్టం మినహాయింపు ఇచ్చింది. నీ పాట నువ్వు పాడుకుంటే ఎవడి లైసెన్సూ అక్కర్లేదు. 2012లో చట్టం మార్చాక, పాట రాసినోడికీ బాణీ కట్టినోడికీ రాయల్టీలో వాటా వదులుకోవాలని ఎవడూ సంతకం పెట్టించుకోలేడు, పెట్టించుకున్నా చెల్లదు. ఆ డబ్బులు వసూలు చేసి పంచే సంఘం ఐపీఆర్‌ఎస్, 1969 నుంచి ఉంది. పాట విడుదల చేసేముందు ఎవరు రాశారు, ఎవరు బాణీ కట్టారు, ఎవరికెంత అని నలుగురూ కాగితం మీద రాసుకోండి. అన్నదమ్ముల్లా ఉన్న బ్యాండ్లు గొడవపడేది పాట హిట్టయ్యాకనే.

ఇక డబ్బు. బ్యాండొస్తుందంటే రైలు చార్జీలు, పడుకోడానికి గది, భోజనం, సౌండు, హాలు, ఆపైన వాళ్ల కూలి. కూలి అనే అంటున్నా, అది కూలే కాబట్టి. మన దగ్గర అందరూ కళాకారుడికి శాలువా కప్పుతారు, రైలు టికెట్టు మాత్రం కొనరు. "ఫ్రీగా పాడితే మీకే పేరొస్తుంది" అనే మాట నేను చాలాసార్లు విన్నాను. పేరుతో కిరాణా కొట్లో బియ్యం ఇవ్వరు. మనిషికి వంద చొప్పున టికెట్టు పెట్టండి, చేపల లోడింగు చేసే కుర్రాడు కూడా ఇస్తాడు, ఏలూరు హాల్లో ఆ రోజు వచ్చినోళ్లు ఇచ్చారు. ఆడపిల్లలు రావాలంటే షో సాయంత్రం ఐదింటికి పెట్టి ఎనిమిదింటికి ముగించండి, లంకలకి ఆఖరి ఆటో ఉన్నప్పుడే. ఏలూరు షోలో అరవై కుర్చీలకి ఆడపిల్లలు ఐదుగురు. వాళ్లలో ఇద్దరు సగంలో లేచెళ్లిపోయారు, బస్సు కోసం.

చూసేవాళ్లకీ ఒక మాట. పాటంతా ఫోన్ ఎత్తి తీయకండి, ఒక చరణం తీసి జేబులో పెట్టుకోండి. మొదటి మూడు పాటలు తెలియనివే ఉంటాయి, ఓపిక పట్టండి. తెలిసిన పాటని మళ్లీ వినడానికైతే ఇంట్లోనే ఉండొచ్చు కదా. అయిపోయాక వెళ్లి బ్యాండోళ్లతో మాట్లాడండి, వాళ్లు సినిమావాళ్లలా వెనక గుమ్మంలోంచి మాయమవరు, వైర్లు చుట్టుకుంటూ అక్కడే ఉంటారు.

ఏలూరు హాల్లో లేచి అడిగిన ఆ కుర్రాడు పాట మొదలుపెట్టాడు. ఏరేటరు తిరిగే లయే తాళం, డప్పు వాళ్ల బాబాయిది, గిటారు ఇంకా ఎవరూ దొరకలేదు. తిరనాళ్లలో రికార్డింగ్ డాన్సుకీ డీజేకీ మధ్య పాడనిస్తారా అని వాళ్ల ఊరి కమిటీని అడగడానికి నేనూ వెళ్లాను. సినిమా పాటేనా అన్నారు. కాదండీ, కుర్రాడిదే అన్నాం. దేవి మీదేనా అన్నారు. కాదండీ, చెరువు మీద అన్నాం. కమిటీ పెద్దాయన చుట్ట ఆర్పి కాసేపు ఆలోచించి, పావుగంట ఇస్తాం, మైకు సెట్టోడితో మీరే మాట్లాడుకోండి, ఎవరి చెరువో మాత్రం పేరెత్తకండి అన్నాడు. పేరెత్తాలా వద్దా అని కుర్రాడు ఇంకా ఆలోచిస్తున్నాడు.